ఆ నాలుగు నిమిషాలు

ముందే చెప్పేస్తున్నా. ఈ వ్యాసంలో బోలెడంత కుస్తీ ఉంటుంది కానీ ఎవరికీ దెబ్బ తగలదు. కనీసం ఒంటి మీద తగలదు. ఇంకో మాట కూడా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంటర్‌లో మార్కులొస్తాయని సంస్కృతం తీసుకున్న బ్యాచ్. నూటికి 98 వచ్చాయి, ఇప్పుడు అడిగితే ఒక్క శ్లోకం చెప్పలేను. కాబట్టి ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారితే క్లబ్ వాళ్ళు సరిచేసి ఉంటారు. చేయకపోతే మీరే సర్దుకోండి.

నేను రెండేళ్ళుగా ఈ-ఫెడ్ ఆడుతున్నా. మా క్లాస్‌లో ఈ మాట అంటే "ఫ్యాంటసీ క్రికెట్ టైపా? డబ్బులొస్తాయా?" అని అడిగారు. రావు. రాసినదాని కింద ఎమోజీలు వస్తాయి, అంతే.

ఆట ఇది. మీరొక రెజ్లర్‌ని కల్పిస్తారు. పేరు, ఎత్తు, బరువు, ఊరు, ఎంట్రీ పాట, ప్రత్యర్థిని పడగొట్టే ఆఖరి పట్టు, అన్నీ మీ ఇష్టం. ప్రతి వారం ఎవరితో ఎవరికి పోటీయో ఒక కార్డు వేస్తారు. గడువు లోపల ఇద్దరూ ఒక్కో 'ఆర్పీ' రాయాలి. ఆర్పీ అంటే రోల్‌ప్లే. మీ రెజ్లర్ మాటల్లో, లేదా అతని గురించి, ఒక సీన్. ఎదుటివాణ్ణి తిట్టొచ్చు, సవాలు చేయొచ్చు, ఇంట్లో కూర్చుని అన్నం తినే సీన్ అయినా రాయొచ్చు. ముగ్గురు జడ్జీలు చదివి ఓటేస్తారు. ఎవరు బాగా రాస్తే వాళ్ళ రెజ్లర్ గెలుస్తాడు. ఆ తర్వాత ఫెడ్ నడిపే అతను మ్యాచ్ మొత్తం కామెంటరీతో సహా రాసి పెడతాడు. ఇంటర్నెట్ రాకముందు ఇదే ఆటని పోస్టులో ఉత్తరాలు పంపుకుంటూ ఆడారట. 90ల్లో ఈమెయిళ్ళలోకి వచ్చింది, ఇప్పుడు మాలాంటి వాళ్ళం డిస్కార్డ్‌లో ఆడుతున్నాం.

అన్ని ఫెడ్‌లూ ఇలా ఉండవు. కొన్నిట్లో ఓటింగ్ ఉండదు. ఎవరు గెలవాలో ఇద్దరూ ముందే మాట్లాడుకుని, కలిసి కథ అల్లుకుంటారు. ఇంకొన్నిట్లో సాఫ్ట్‌వేర్ పాచికలు వేసి తేలుస్తుంది. ఈ ఆటలో ఎప్పటికీ తెగని గొడవ కూడా ఇదే. మనం రాసేది కథ కోసమా, గెలుపు కోసమా? 'రెండూ' అంటారు చాలామంది. నేనూ అనేవాణ్ణి, వరసగా 9 మ్యాచ్‌లు గెలిచిన రోజుల్లో.

మా ఇల్లు చిక్కడపల్లి. ఒక పక్క త్యాగరాయ గానసభ, ఇంకో పక్క నగర కేంద్ర గ్రంథాలయం, అది దాటితే అశోక్‌నగర్. అశోక్‌నగర్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. స్టడీ హాళ్ళు, జిరాక్స్ షాపులు, గ్రూప్స్ కోచింగ్ సెంటర్లు, ఏ ఫ్లెక్సీ చూసినా వరసగా పాస్‌పోర్ట్ సైజు మొహాలు, ఒక్కో మొహం కింద ఒక్కో ర్యాంకు. మేడ మీద గదిలో అద్దెకుండే అన్న గ్రూప్-2 కి చదివేవాడు. పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళి రాత్రి తొమ్మిదికి మెట్లెక్కేవాడు. నా ఇంటర్ నారాయణగూడలో. ఏ కాలేజీ అని అడక్కండి. ప్రతి సోమవారం ర్యాంకుల లిస్టు గోడకి అంటించేవాళ్ళని చెబితే చాలు, మీలో సగం మంది 'మాదీ అదే' అనుకుంటారు.

అందుకే నేను కల్పించిన రెజ్లర్ పేరు 'ది టాపర్'.

టాపర్ రింగ్‌లోకి ఓఎంఆర్ షీట్ పట్టుకుని వస్తాడు. గెలిచాక పెన్సిల్‌తో ఒక గడి నింపుతాడు. వాడి ఆఖరి పట్టు పేరు నెగెటివ్ మార్కింగ్. మైక్ పట్టుకుని ఎదుటివాడి మ్యాచ్‌లన్నీ పేపర్ దిద్దినట్టు దిద్దుతాడు, "ఇక్కడ అర మార్కు, ఇక్కడ సున్నా" అని. విలన్ అన్నమాట. రెజ్లింగ్ భాషలో హీల్. సర్వర్‌లో ఎక్కువమంది అమెరికా, ఇంగ్లండ్ వాళ్ళు. కోచింగ్ సెంటర్ అంటే ఏంటో తెలీని వాళ్ళకి కూడా టాపర్ అంటే మంట పుట్టింది. హీల్‌కి అంతకంటే ఏం కావాలి.

ఇక గెలవడం. నేను బాగా రాసేవాణ్ణి కాబట్టి గెలిచానని చెప్పుకోవాలని ఉంది. నిజం ఏంటంటే, నేను ఎక్సెల్ షీట్ వేశాను. ఏ జడ్జి ఎవరికి ఓటేశాడు, ఎందుకన్నాడు, పాత మ్యాచ్‌లన్నీ తవ్వి రాసుకున్నా. ఒకతనికి జోకులు కావాలి. ఒకామెకి ఎదుటివాడి కథని ప్రస్తావిస్తే ఇష్టం. మూడో అతనికి 1200 పదాలు దాటితే విసుగు. ముగ్గురికీ సరిపోయేలా వండటం పెద్ద కష్టం కాదు, ఎంసెట్ ప్రిపరేషన్ కూడా అదేగా. ఇంకో చిట్కా కూడా దొరికింది. గడువు మన లెక్కలో సోమవారం పొద్దున 9:29, వాళ్ళకి ఆదివారం రాత్రి 11:59. ఒక్కో మ్యాచ్‌కి ఒక్కొక్కరు రెండు ఆర్పీలు పెట్టొచ్చు. మొదటిది ముందే పెట్టేసి, రెండోది గడువుకి నాలుగైదు నిమిషాల ముందు పెడితే ఎదుటివాడు జవాబు రాయలేడు. ఆఖరి మాట మనదే అవుతుంది. రూల్స్‌లో ఎక్కడా వద్దని లేదు.

2023 సెప్టెంబర్ 8న డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళు హైదరాబాద్ వచ్చారు, గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి. ఒక ఫ్రెండ్‌తో కలిసి వెళ్ళా. జాన్ సీనా, సెత్ రాలిన్స్ ఒక జట్టు. వాళ్ళు గెలుస్తారని గేటు దగ్గర నా వాటర్ బాటిల్ లాక్కున్న సెక్యూరిటీ అన్నకి కూడా తెలుసు. అయినా గొంతు పోయేలా అరిచాం. ఇందులో వింతేం లేదు. మా ఇంటికి కూతవేటు దూరంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఉంది. సుదర్శన్‌లోనో దేవిలోనో మొదటి ఆటకి వెళ్ళేవాడెవడైనా హీరో ఓడిపోతాడేమో అని భయపడి వెళ్తాడా? ఇంటికొచ్చాక ఆ మ్యాచ్ క్లిప్పులు మళ్ళీ చూశా. సీనా చాలాసేపు చెయ్యి ఊపాడు. గాల్లోకి లేచి, వీపు పగిలేలా పడి, నొప్పితో మెలికలు తిరిగింది ఓడిపోయిన ఇద్దరూ. రెజ్లింగ్‌లో దీన్ని సెల్లింగ్ అంటారు. దెబ్బ ఎవడైనా కొడతాడు, తిన్నవాడు తిన్నట్టు కనబడితేనే అది దెబ్బ. ఈ సంగతి నాకు అప్పటికే థియరీగా తెలుసు. 98 మార్కుల సంస్కృతం లాగే.

తర్వాతి నెలలో నాకు లైన్‌మన్‌తో మ్యాచ్ పడింది.

లైన్‌మన్ మా ఫెడ్‌లో ఒక రెజ్లర్ పేరు. రాసే అతను అమెరికాలో ఏదో గోడౌన్‌లో నైట్ డ్యూటీ చేసేవాడు, అంతకంటే నాకు తెలీదు. అతని రెజ్లర్ పగలు కరెంటు స్తంభాలు ఎక్కుతాడు, శనివారాలు కుస్తీ పడతాడు. 31 మ్యాచ్‌లు ఆడి 31 ఓడిపోయాడు. ఒక్కటీ గెలవలేదు. జడ్జీలకి నచ్చేలా రాయడం అతనికి చేతకాదనుకునేవాణ్ణి. ఎదుటివాణ్ణి తిట్టడు, సవాలు చేయడు. ప్రతి ఆర్పీలోనూ లైన్‌మన్ ఓడిపోయి, స్నానం చేసి, కూతురికి ఫోన్ చేస్తాడు. ఆ అమ్మాయికి పదకొండేళ్ళు. ఒక నోట్‌బుక్‌లో వాళ్ళ నాన్న మ్యాచ్‌లన్నీ రాసుకుంటుంది. గెలుపోటములు కాదు. ఏ ఊరు, అక్కడ వాన పడిందా, మ్యాచ్ అయ్యాక నాన్న ఏం తిన్నాడు. అంతే. 31 పేజీలు. నేను అవన్నీ చదివా, ఎందుకంటే రెండో జడ్జికి ప్రస్తావనలు ఇష్టం.

మ్యాచ్‌కి వారం ముందు అతను నాకు మెసేజ్ పెట్టాడు. లైన్‌మన్ మోకాలు పోయింది, ఈ మ్యాచ్‌తో రిటైర్ చేస్తున్నా అన్నాడు. గెలిపించమని అడగలేదు. "గెలిచినా ఓడినా నా దగ్గర ముగింపు ఉంది. నా ఆర్పీలో నోట్‌బుక్‌ని లాకర్ రూమ్‌లో మర్చిపోయినట్టు రాస్తున్నా. అది టాపర్ కంట పడనివ్వు. ఏం చేస్తాడో నీ ఇష్టం. కాకపోతే కొంచెం ముందుగా పెట్టు, నేను దాని మీద ఆఖరి సీన్ రాసుకుంటా." ఇదీ అతను అడిగింది. నేను "చూద్దాం" అన్నా.

అతను శుక్రవారమే పెట్టేశాడు. బెంచీ మీద నోట్‌బుక్, దాని మీద బస్ టికెట్, తెరిచి ఉన్న తలుపు. ఒక పేజీ ఖాళీగా ఉంది.

సోమవారం పొద్దున నాకు కడుపునొప్పి వచ్చింది. అంటే, వచ్చిందని అమ్మకి చెప్పా. కాలేజీలో ఫోన్ పట్టుకోనివ్వరు కదా. దుప్పటి కప్పుకుని 9:25కి పోస్ట్ చేశా. టాపర్ నోట్‌బుక్ తెరుస్తాడు. ఎర్ర పెన్ను తీస్తాడు. ఒక్కో పేజీకీ ఒక్కో సున్నా వేసుకుంటూ వెళ్తాడు. వాన ఎలా పడిందో రాసిన చోట స్పెల్లింగ్ తప్పు దిద్దుతాడు. ఖాళీ పేజీకి వచ్చేసరికి రేపటి తేదీ వేసి, ముందే సున్నా పెట్టేసి, మొత్తం కూడి, కింద 'పేరెంట్ సంతకం' అని గీత గీస్తాడు.

బాగుంది. ఇప్పుడు చదివినా బాగుంది, అదే బాధ. 3–0. జోకులు కావాలన్న జడ్జి కూడా "క్రూరంగా ఉంది, అద్భుతం" అని రాశాడు. ఎమోజీల వరద. లైన్‌మన్ రాసే అతను కింద ఒక్క ముక్క పెట్టాడు, 'గుడ్ మ్యాచ్' అని. తర్వాతి వారం రోస్టర్‌లో లైన్‌మన్ లేడు, సర్వర్‌లో అతనూ లేడు. ముగింపు ఏంటో ఎవరికీ తెలీదు.

సర్వర్‌లో పెద్ద చర్చ జరిగింది. రెజ్లింగ్ జనం ఎప్పుడు గొడవపడ్డా మాంట్రియల్ దాకా వెళ్తారు, అక్కడికీ వెళ్ళారు. తెలీని వాళ్ళ కోసం: 1997 నవంబర్ 9, కెనడాలోని మాంట్రియల్. ఛాంపియన్ బ్రెట్ హార్ట్ కంపెనీ వదిలి పోటీ కంపెనీకి వెళ్ళిపోతున్నాడు. సొంత దేశంలో, షాన్ మైకేల్స్ చేతిలో ఓడిపోనన్నాడు. సరే, వేరేలా ముగిద్దాం అని అతనితో ఒప్పుకున్నారు. తీరా రింగ్‌లో షాన్ అతనికి బ్రెట్ సొంత పట్టే వేసి పట్టుకున్న క్షణంలో, బ్రెట్ ఓటమి ఒప్పుకోకుండానే, యజమాని విన్స్ మెక్‌మాన్ గంట కొట్టించేశాడు. బ్రెట్ లేచి ఆయన మొహాన ఉమ్మేశాడు. కుస్తీలో గెలుపోటములు ముందే నిర్ణయిస్తారని అప్పటికి అందరికీ తెలుసు. 1989లో కంపెనీ వాళ్ళే న్యూజెర్సీ సెనేట్ ముందు ఇది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకున్నారు, క్రీడల కమిషన్ అజమాయిషీ తప్పించుకోవడానికి. మరి అన్నీ ఉత్తుత్తి అయినప్పుడు బ్రెట్‌కి ఎందుకంత కోపం? కొందరు అతనిది అహం అన్నారు. కొందరు బెల్టు వేరే కంపెనీకి పోతే నష్టం కదా, విన్స్ చేసిందే కరెక్ట్ అన్నారు. నా విషయంలోనూ అలాగే రెండు జట్లు. "హీల్ హీల్‌లాగే రాశాడు, తప్పేంటి" అన్న జట్టులో నేనూ ఉన్నా. లోపల మాత్రం కడుపులో ఏదో తిప్పుతూ ఉంది, ఈసారి నిజంగానే.

ఎందుకంటే ఇది నేను మొదటిసారి చేసిన పని కాదు.

మా తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న, మాతోనే ఉంటాడు. సొంతూరు తెనాలి దగ్గర. కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైర్ అయ్యాడు. వయసులో ఉన్నప్పుడు సెలవు పెట్టి మరీ ఊరెళ్ళి పద్యనాటకాలు వేసేవాడు. తిరుపతి వేంకట కవుల రాయబారంలో దుర్యోధనుడు. నా చిన్నప్పుడు మేమిద్దరం టెన్ స్పోర్ట్స్‌లో రెజ్లింగ్ చూసేవాళ్ళం. నాకు ట్రంప్ కార్డులు ఉండేవి, మీలో చాలామందికి ఉండే ఉంటాయి. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఆడిన ఫైట్లు, గెలిచిన ఫైట్లు. ఎవడి నంబర్ పెద్దదైతే వాడు ఎదుటివాడి కార్డు లాక్కుంటాడు. తాతయ్యకి నంబర్లు పట్టేవి కావు. అండర్‌టేకర్ నడిచి వచ్చే తీరు చూసి "ఆహా, ఏం ప్రవేశం!" అనేవాడు. లైట్లు ఆరి గంట మోగితే చాలు, కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు.

2014 ఏప్రిల్‌లో రెజిల్‌మేనియాలో అండర్‌టేకర్ ఓడిపోయాడు. 21 సార్లు వరసగా గెలిచిన చోట, బ్రాక్ లెస్నర్ చేతిలో. స్టేడియంలో జనం నోళ్ళు తెరిచి ఉండిపోయారు. తాతయ్య "అన్యాయం రా, పెద్దవాణ్ణి చేసి అలా..." అంటూ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. నాకు ఎనిమిదేళ్ళు. స్కూల్ బస్సులో ఒక సీనియర్ అన్న నాకు అసలు రహస్యం అప్పుడే చెప్పాడు. చెప్పి వారం కూడా కాలేదు, చేతులు దురద. ఇంటికొచ్చి తాతయ్యకి నిరూపించేశా. "అంతా స్క్రిప్ట్ తాతయ్యా. చూడు, గుద్దేటప్పుడు కాలు నేలకేసి కొడుతున్నాడు, చప్పుడు అందుకొస్తోంది. చూడు, చెవిలో ఏదో చెప్తున్నాడు." ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత కొన్ని వారాలకి మేమిద్దరం కలిసి రెజ్లింగ్ చూడటం ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో కూడా గుర్తులేదు. వాదనలో మాత్రం నేనే గెలిచా.

తాతయ్యకి అది నిజమైన కుస్తీ కాదని తెలీదు, నేను చెప్పి ఆయన సరదా పాడుచేశా. పదేళ్ళు ఇదే అనుకున్నా.

పోయినేడాది చలికాలంలో గానసభలో రాయబారం ఉందని తెలిసి తాతయ్య వెళ్తానన్నాడు. మోకాళ్ళ నొప్పులు, చీకటి పడితే కళ్ళు సరిగ్గా ఆనవు. రోడ్డు దాటించడానికి నేను వెళ్ళా. నిజాయితీగా చెప్పాలంటే ఫోన్‌లో ఛార్జింగ్ ఫుల్ ఉందో లేదో చూసుకుని వెళ్ళా. హాల్లో సగం సీట్లు ఖాళీ, ఉన్నవాళ్ళలో సగం మంది మఫ్లర్లు చుట్టుకున్న పెద్దవాళ్ళు. పద్యాలు నాకు మూడొంతులు అర్థం కాలేదు. కానీ సీన్ అర్థమైంది. పడక సీన్‌లో దుర్యోధనుడు వచ్చి నిద్రపోతున్న కృష్ణుడి తల వైపు కూర్చుంటాడు, అర్జునుడు వచ్చి కాళ్ళ వైపు నిలబడతాడు. ఎవడికి ఏం దొరుకుతుందో, యుద్ధంలో ఎవడు చస్తాడో హాల్లో అందరికీ తెలుసు. నాకే తెలుసంటే చూసుకోండి. అయినా పద్యం ఎత్తుకునేసరికి జనం ముందుకు వంగుతున్నారు. ఇది ప్రోమో కదా అనిపించింది. అచ్చం ప్రోమోనే, హార్మోనియంతో.

తర్వాత సభ సీన్. దుర్యోధనుడు కృష్ణుడి మీద విరుచుకుపడుతూ ఒక పద్యం పాడాడు. చివర రాగం తీస్తే గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో తెలీలేదు. వెనకనుంచి ఎవరో "వన్స్ మోర్!" అన్నారు. హార్మోనియం మళ్ళీ మొదలైంది.

తాతయ్య నా మోచెయ్యి పొడిచి, "వాణ్ణి కాదు, అటు చూడు" అన్నాడు.

కృష్ణుడి వేషం వేసిన ఆయన. అంతకు ముందే ఆ తిట్లన్నీ ఒకసారి తిన్నాడు. ఇప్పుడు మొహం మళ్ళీ మొదటికి తెచ్చుకుని, అదే మాట మొదటిసారి వింటున్నట్టు, కనుబొమ లేపి, చిన్న నవ్వుతో నిలబడ్డాడు. వన్స్ మోర్ దుర్యోధనుడికి. నిలబడాల్సింది కృష్ణుడు. అతను చేయి కూడా కదపలేదు. పద్యం మొత్తం రెండోసారి అయ్యాక, చప్పట్లు తగ్గేదాకా ఆగి, అప్పుడు తన పద్యం ఎత్తుకున్నాడు. దుర్యోధనుడి వేషగాడూ అంతే. చెమట తుడుచుకోకుండా నిలబడి, పూర్తిగా విన్నాడు.

నాకు ఒక్కసారిగా 9:25 గుర్తొచ్చింది.

నేను నోట్‌బుక్‌ని ఎర్ర పెన్నుతో దిద్దడం తప్పు కాదు. దుర్యోధనుడు మెత్తగా మాట్లాడితే నాటకం ఎవడు చూస్తాడు? లైన్‌మన్ రాసే అతను కూడా 'నీ ఇష్టం' అనే అన్నాడు. సున్నాలు వేసి, శుక్రవారం రాత్రి పెట్టి ఉంటే ఏమయ్యేదో. అతను ఆ సున్నాల మీదే ఏదో రాసేవాడు. ఆ అమ్మాయి సంతకం చేసేదేమో, సున్నాలకి కళ్ళూ ముక్కూ పెట్టి బొమ్మలు వేసేదేమో, నాకు తోచట్లేదు, అది నా బుర్రకి వచ్చే కథ కాదు. అతని పద్యం రాకముందే నేను తెర దించేశా. గట్టిగా లెక్కేస్తే నాలుగు నిమిషాల పని.

నాటకం అయ్యాక బయట టీ తాగాం. అప్పుడు అడిగా, పదేళ్ళ తర్వాత.

"తాతయ్యా, రెజ్లింగ్ అంతా స్క్రిప్ట్ అని నేను చెప్పినప్పుడు బాధపడ్డావా?"

"స్క్రిప్టని నాకు తెలీదనుకున్నావట్రా? పాతికేళ్ళు మొహానికి రంగు పూసుకున్నవాణ్ణి."

"మరి చూడటం ఎందుకు మానేశావు?"

"నువ్వెక్కడ చూడనిచ్చావు? పక్కన కూర్చుని అదిగో కాలు, ఇదిగో చెయ్యి అని ఒకటే నస. నాటకంలో పక్కవాడు ఆ గద అట్టముక్క, ఆ మీసం జిగురు అని లెక్కలు చెప్తుంటే ఎంతసేపని కూర్చుంటాం?" అని గ్లాసు కింద పెట్టి, "పెద్దాయన ఓడిపోయిన రోజు భలే ఏడిపించారు రా" అన్నాడు.

ఆ మాటకి నాకు నవ్వు రావాలి, రాలేదు. ఇంటికి నడుస్తూ లైన్‌మన్ కథ చెప్పా. డిస్కార్డ్, ఆర్పీ, జడ్జీలు, అన్నీ చెప్పడానికి గానసభ నుంచి మా సందు దాకా పట్టింది. ఆయనకి కావాల్సినవి వేరే. స్తంభాలెక్కేవాడికి నడుముకి బెల్టు ఉందా? వయసెంత? "మోకాలంటాడేంటి, ఆ పని చేసేవాడికి ముందు నడుము పోతుంది. మా సెక్షన్‌లో ఎంతమందిని చూశాను." నోట్‌బుక్ దగ్గరికి వచ్చేసరికి మాట్లాడటం మానేసి విన్నాడు. ఎర్ర పెన్ను సీన్‌కి "అబ్బో" అన్నాడు, మెచ్చుకున్నట్టే. తర్వాత అడిగాడు.

"దానికి వాడేమన్నాడు?"

"ఏమీ అనలేదు. టైమ్ అయిపోయింది."

"అయిపోయిందా, అవగొట్టావా?"

నేను చెప్పులు విప్పుకుంటూ చాలాసేపు గుమ్మం దగ్గరే ఉన్నా.

ఇప్పటికీ ఆడుతున్నా. ఎక్సెల్ షీట్ డిలీట్ చేశానని చెబితే అబద్ధం, ఉంది, తెరవట్లేదు. రెండో ఆర్పీ శనివారం లోపలే పెడుతున్నా. దాంతో వరసగా మూడు ఓడిపోయా. ఒకతను నా టాపర్‌ని రీవాల్యుయేషన్‌కి అప్లై చేయించి నవ్వులపాలు చేశాడు, దాని మీద నేను రాసిన జవాబు నాకే చాలా నచ్చింది, ఓట్లు మాత్రం రాలేదు. టాపర్ ఓఎంఆర్ షీట్‌లో ఖాళీ గళ్ళు కనబడుతుంటే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. ఓడిపోవడం హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

సమస్య తాతయ్య. ఆయన దాన్ని వదలడం లేదు. కథ సగంలో ఆగిందంటే ఆయనకి పడదు. పండగ రోజు అందరూ భోజనాలు చేస్తుంటే "ఆ కరెంటాయన కూతురు ఏమైంది రా?" అన్నాడు. మా పిన్ని ఎవరో నిజం మనుషులనుకుని కంగారుపడింది. కళ్ళాసుపత్రిలో చుక్కలు వేసి కూర్చోబెట్టిన అరగంటా అదే. "ఆ పుస్తకం దొరికిందా పిల్లకి? ఎర్ర పెన్ను చూసిందా?" నాకు తెలీదంటే, "నువ్వే రాసెయ్యి అయితే" అన్నాడు. అది నాది కాదు తాతయ్యా, అతనిది అన్నా. "అయితే అతన్నే అడుగు."

అతను సర్వర్ వదిలేశాడు కానీ పాత మెసేజ్‌ల్లో అతని పేరు ఇంకా ఉంది. మా ఇద్దరి మధ్య చివరగా ఉన్నది నా 'చూద్దాం'. పోయిన ఆదివారం దాని కింద ఇంగ్లీష్‌లో టైప్ చేశా. మొదట పెద్ద క్షమాపణ రాసి, చదువుకుని, చెరిపేశా. అది కూడా ఓట్ల కోసం రాసినట్టే ఉంది. చివరికి పంపింది ఇంతే: 'హైదరాబాద్‌లో మా తాతయ్య, రిటైర్డ్ కరెంటాఫీసు గుమాస్తా, నోట్‌బుక్ ఏమైందని అడుగుతున్నాడు. స్తంభాలెక్కేవాళ్ళకి మోకాలి కంటే ముందు నడుము పోతుందని కూడా చెప్పమన్నాడు.'

ఇది రాస్తున్నప్పటికి జవాబు రాలేదు. తాతయ్య పక్క గదిలోంచి రెండుసార్లు అడిగాడు.